కూలెంట్‌లో ఇంజిన్ ఆయిల్: హెడ్ దించకుండానే తేలిన ఒక కేసు

బండి టర్బో డీజిల్. నాలుగు సిలిండర్లు, మాన్యువల్ గేర్‌బాక్స్, మీటర్ మీద 1,40,000 కిలోమీటర్లు దాటాయి. కంప్లైంట్ ఒక్కటే: కూలెంట్ డబ్బా మూత తీస్తే లోపలంతా మడ్డి. అంతకుముందు చూపించిన చోట హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ దాని మీద కూర్చునే హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయిందనీ, హెడ్ దించాల్సిందేననీ చెప్పారట. అందుకే ఓనర్ వచ్చీ రాగానే అడిగింది "హెడ్ దించితే ఎన్ని రోజులు పడుతుందండీ?" అని. గ్యాస్కెట్ పోయిందో లేదో చూడమని ఆయన అడగలేదు, ఆ విషయం అప్పటికే తేలిపోయిందనుకున్నారు.

కూలెంట్‌లో ఆయిల్ కనబడగానే హెడ్ గ్యాస్కెట్ పేరెత్తడం మన పనిలో బాగా అలవాటైపోయింది. అది కారణం కావచ్చు కూడా. కానీ ఆయిలూ కూలెంటూ పక్కపక్కన పారుతూ, మధ్యలో పలుచటి గోడో రబ్బరు సీలో మాత్రమే ఉండే చోట్లు ఇంజిన్‌లో చాలానే ఉంటాయి. ఆయిల్ కూలర్ (కూలెంట్‌తో ఇంజిన్ ఆయిల్‌ని చల్లబరిచే భాగం), దాని సీళ్లు, హెడ్ గ్యాస్కెట్, హెడ్‌లో పగులు, బ్లాక్‌లో పగులు, కొన్ని ఇంజిన్లలో టైమింగ్ కవర్. ఆటోమేటిక్ అయితే రేడియేటర్‌లో ఉండే గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్ కూడా. వీటిలో తేలిగ్గా విప్పి, బయటపెట్టి, కళ్లతో చూసి తేల్చుకోగలిగేది ఆయిల్ కూలర్. హెడ్ దించడం అన్నిటికన్నా పెద్ద పని. పెద్ద పనితో మొదలుపెట్టడానికి గట్టి ఆధారం కావాలి.

మడ్డిని చూస్తే తెలిసింది

ఇంజిన్ పూర్తిగా చల్లారాక డబ్బా మూత తీశాను. స్క్రూడ్రైవర్ మొనతో కొంచెం మడ్డి తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దాను. మొదట బూడిద కలిసిన గోధుమరంగు, మెత్తగా ఉంది. రుద్దేకొద్దీ నీరు విడిపోయి, వేలి గీతల్లో నల్లటి జిడ్డు మిగిలింది. నీళ్లతో కడిగితే పోలేదు, సబ్బు పెడితేనే పోయింది. డీజిల్ ఇంజిన్‌లో కొంతకాలం తిరిగిన ఆయిల్ మసితో నల్లబడి ఉంటుంది కాబట్టి మడ్డిలో ఆ నలుపు కనిపిస్తుంది. పెట్రోల్ బండిలో ఇదే మడ్డి లేత రంగులో ఉంటుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ కలిస్తే చాలావరకు గులాబీ రంగులోకి తిరుగుతుంది. అలా గులాబీ రంగు కనబడితే బండిని ఇక నడపకూడదు, టోయింగ్ చేసుకు రావాల్సిందే. కూలెంట్ గేర్‌బాక్స్‌లోకి కూడా వెళ్లి ఉంటుంది, కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ కలిసిన నీరు క్లచ్ ప్లేట్ల మీది లైనింగ్‌ని ఊడగొడుతుంది. ఈ బండి మాన్యువల్ కాబట్టి ఆ భయం లేదు.

ఇంకొంచెం మడ్డిని గాజు సీసాలో వేడినీళ్లలో కలిపి రాత్రంతా కదపకుండా ఉంచాను. ఇది చాదస్తంలా అనిపించవచ్చు గానీ, డబ్బాలో కనబడే ప్రతి మడ్డీ ఆయిల్ కాదు. ఒకదానికొకటి పడని రెండు రకాల కూలెంట్లు కలిపినా గోధుమరంగు జెల్ కడుతుంది. తుప్పు కూడా అలాగే కనిపిస్తుంది, లీక్ ఆపుతుందని పోసిన పొడి కూడా అంతే. అవన్నీ అడుగుకు చేరతాయి, లేదా నీళ్లలోనే మసకగా ఉండిపోతాయి. మా సీసాలో మాత్రం పొద్దున్నకి పైన నల్లటి పొర స్పష్టంగా తేలి ఉంది. అంటే ఆయిలే.

ఎటునుంచి ఎటు వెళ్తోంది?

వేడెక్కి నడుస్తున్న ఇంజిన్‌లో ఆయిల్ ప్రెషర్ వేగాన్ని బట్టి సుమారు 2 నుంచి 5 బార్ దాకా ఉంటుంది. కూలెంట్ ప్రెషర్‌ని మూత అదుపు చేస్తుంది, ఈ బండిలో అది 1.4 బార్ మూత. కాబట్టి ఇంజిన్ నడిచినంతసేపూ ఆయిలే కూలెంట్‌లోకి తోసుకొస్తుంది. ఇంజిన్ ఆపగానే కథ మారుతుంది. ఆయిల్ ప్రెషర్ వెంటనే సున్నాకి పడిపోతుంది. కూలెంట్ మాత్రం వేడి తగ్గేదాకా ప్రెషర్‌లోనే ఉంటుంది. ఆ కాసేపట్లో అదే కంతలోంచి కూలెంట్ ఆయిల్ వైపు వెళ్లగలదు.

ఈ రెండో సంగతిని చాలామంది పట్టించుకోరు. డిప్‌స్టిక్ తీసి చూసి "ఆయిల్ క్లీన్‌గానే ఉంది, దానికేం కాలేదు" అంటారు. ఈ బండిలో కూడా డిప్‌స్టిక్ శుభ్రంగానే ఉంది. లెవెల్ మాత్రం కింది గీతకి దగ్గర్లో ఉంది, డబ్బాలో మట్టం పై గీతని దాటింది. డ్రెయిన్ ప్లగ్ దగ్గర నుంచి కొంచెం ఆయిల్ తీసి, బాగా కాలిన ఇనుప ప్లేట్ మీద ఒక చుక్క వేశాను. చిటపటమంది. నీరు లేని ఆయిల్ అయితే చప్పుడు చేయకుండా పరుచుకుని పొగ వస్తుంది. అంటే కంటికి కనిపించనంత తక్కువగానైనా కూలెంట్ ఆయిల్‌లోకి వెళ్లింది. గ్లైకాల్ కలిసిన ఆయిల్ బేరింగుల్ని తినేస్తుంది కాబట్టి, లీక్ ఎక్కడున్నా సరే, ఆయిలూ ఫిల్టరూ మార్చక తప్పదని అప్పుడే రాసిపెట్టుకున్నాను.

దీనికి ఉల్టా కేసు కూడా ఉంది. ఆయిల్ పోసే మూత కింద తెల్లటి నురగ కనబడితే కంగారుపడి వచ్చేవాళ్లుంటారు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకుండా చిన్న చిన్న దూరాలు మాత్రమే తిరిగే బండిలో గాలిలోని తేమ వల్ల అది మామూలుగానే వస్తుంది. అది చూసి గ్యాస్కెట్ మార్చేయకూడదు.

గ్యాస్కెట్ మీద అనుమానం ఎంతవరకు?

బండి ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతోంది, మిస్ కొట్టడం లేదు, సైలెన్సర్ నుంచి తెల్లపొగ లేదు. పొద్దున్నే చల్లగా స్టార్ట్ చేసి రేడియేటర్ పై పైపు నొక్కి చూస్తే వెంటనే గట్టిపడటం లేదు. సిలిండర్‌లోని గ్యాస్ కూలెంట్‌లోకి వెళ్తుంటే ఇంజిన్ వేడెక్కకముందే ఆ పైపు బిగుసుకుపోతుంది. డబ్బాలో బుడగలు లేవు. నీలం ద్రవంతో చేసే గ్యాస్ టెస్ట్ కూడా చేశాను. కూలెంట్‌లోకి సిలిండర్ గ్యాస్ వస్తుంటే, అందులోని కార్బన్ డయాక్సైడ్ తగిలి ఆ ద్రవం రంగు మారుతుంది. డబ్బాలోంచి కొంత కూలెంట్ తీసేసి చేయాలి, లేకపోతే మడ్డి టెస్టర్‌లోకి ఎక్కి పాడుచేస్తుంది. డీజిల్ ఇంజిన్ ఐడిల్‌లో గాలి ఎక్కువగా, ఇంధనం తక్కువగా మండిస్తుంది కాబట్టి ఎగ్జాస్ట్‌లో కార్బన్ డయాక్సైడ్ తక్కువే. ఐడిల్‌లో రంగు మారలేదని సంబరపడితే లాభం లేదు. వేగం పెంచి, కాసేపు లోడ్ ఇచ్చి చూశాను. నీలం నీలంగానే ఉంది. కంప్రెషన్ నాలుగు సిలిండర్లలోనూ 26 నుంచి 28 బార్ మధ్య వచ్చింది.

ఇక్కడితో గ్యాస్కెట్ బాగుందని తేల్చేయొచ్చా? తేల్చకూడదు. ఈ టెస్టులన్నీ చెప్పేది సిలిండర్‌కీ కూలెంట్‌కీ మధ్య దారి లేదని మాత్రమే. హెడ్‌లోకి ఆయిల్ ఎక్కే రంధ్రానికీ పక్కనే ఉన్న నీటి రంధ్రానికీ మధ్య గ్యాస్కెట్ తెగితే కంప్రెషన్ నిక్షేపంగా ఉంటుంది, గ్యాస్ టెస్ట్ కూడా పాసవుతుంది, ఆయిల్ మాత్రం కూలెంట్‌లోకి కారుతూనే ఉంటుంది. అలాంటి లీక్‌ని బయటినుంచి నేరుగా పట్టుకునే టెస్ట్ నాకు తెలిసి లేదు. చేయగలిగింది మిగతావాటిని ఒక్కొక్కటిగా పక్కకి తప్పించడం. అందులో మొదటిది ఆయిల్ కూలర్.

కూలర్‌ని వేడినీళ్లలో ముంచితే

ఈ ఇంజిన్‌లో కూలర్ ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్‌కి బోల్టులతో బిగించి ఉంటుంది. పలుచటి అల్యూమినియం రేకులు ఒకదానిమీద ఒకటి పేర్చి అతికించిన డబ్బా అది. ఒక జత రేకుల మధ్య ఆయిల్, ఆ పక్క జత మధ్య కూలెంట్. హౌసింగ్‌కీ కూలర్‌కీ మధ్య రబ్బరు సీళ్లు ఉంటాయి. కొన్నిసార్లు తప్పు సీళ్లదే అవుతుంది, అప్పుడు కూలర్ మార్చనక్కర్లేదు. అందుకని విప్పగానే కొత్తది ఆర్డర్ పెట్టకుండా టెస్ట్ చేయాలి.

కూలెంట్ రంధ్రాలు తెరిచే ఉంచాను. ఆయిల్ రంధ్రాల్లో ఒకదాన్ని రబ్బరు షీటూ ప్లేటూ పెట్టి మూసేసి, రెండోదానికి 4 బార్ గాలి ఇచ్చాను. బకెట్‌లో చల్లటి నీళ్లలో ముంచితే ఏమీ లేదు. గేజ్ కూడా కదల్లేదు. ఇక్కడే చాలామంది కూలర్ బాగుందని తీర్మానించి హెడ్ మీదికి వెళ్తారు. కానీ కూలర్ పనిచేసేది చల్లటి నీళ్లలో కాదు. దాదాపు 80 డిగ్రీల నీళ్లు తెచ్చి అందులో ముంచి, లోహం అంతా వేడెక్కేదాకా ఆగాను. కాసేపటికి కూలెంట్ రంధ్రంలోంచి సన్నటి బుడగల వరస మొదలైంది. గాలి ఆపితే ఆగింది, ఇస్తే మళ్లీ వచ్చింది. ఓనర్‌ని పిలిచి చూపించాను. "ఇంతేనా!" అన్నారాయన. అక్కడికి ఆయన టెన్షన్ సగం తగ్గింది, నాకు మాత్రం అసలు పని అప్పుడే మొదలైంది.

రేకు ఎందుకు చిల్లుపడింది? కూలెంట్ రంధ్రం లోపల తెల్లటి పొడి పేరుకుని ఉంది, అల్యూమినియం తుప్పు అది. మట్టం తగ్గినప్పుడల్లా మామూలు కుళాయి నీళ్లే పోశామని ఓనర్ చెప్పారు. కూలెంట్ అంటే గడ్డకట్టకుండా ఆపేది మాత్రమే కాదు, లోహాన్ని తుప్పు నుంచి కాపాడే రసాయనాలు దానిలోనే ఉంటాయి. నీళ్లు పోసేకొద్దీ అవి పలచబడతాయి, ఏళ్లు గడిచేకొద్దీ ఖర్చయిపోతాయి.

కడగడం

కొత్త కూలర్, కొత్త సీళ్లు బిగించడం గంటల పని. మురికిని బయటికి తేవడానికి అంతకు ఎన్నో రెట్లు సమయం పట్టింది. ఎస్టిమేట్ రాసేటప్పుడు ఓనర్లకి ఈ సంగతి ముందే చెప్పకపోతే తర్వాత గొడవలవుతాయి.

కొత్త కూలర్ ముందు బిగించాలా, ముందు కడగాలా? ముందు బిగిస్తే దాని సన్నటి దారుల్లోకి పాత మడ్డి చేరుతుంది. బిగించకుండా ఇంజిన్ స్టార్ట్ చేయలేం. నేను రెండు దశలుగా చేశాను. కూలర్ విప్పి ఉండగానే, ఇంజిన్ నడపకుండా, పైపులన్నీ ఊడదీసి గోరువెచ్చటి నీళ్లు వదిలి ముద్దలుగా ఉన్న మడ్డిని తోసేశాను. డబ్బా, థర్మోస్టాట్ (కూలెంట్ వేడెక్కాకే రేడియేటర్ వైపు దారి తెరిచే వాల్వ్) బయటికి తీశాను. థర్మోస్టాట్ లోపల ఉంటే అది మూసుకున్నంతసేపూ రేడియేటర్‌లోకి ప్రవాహం ఉండదు. తర్వాత కొత్త కూలర్ బిగించి, తాజా ఆయిలూ ఫిల్టరూ వేసి, అప్పుడు వేడినీటి కడుగుడు మొదలుపెట్టాను.

దేనితో కడగాలన్నదాని మీద ఒక్కొక్కరిదీ ఒక్కో వాదం. గిన్నెలు తోమే లిక్విడ్ పోస్తే విపరీతంగా నురగ వస్తుంది. నురగ ఉన్నచోట పంపు నీటిని తోయలేదు, టెంపరేచర్ సెన్సర్ నురగలో ఉండిపోయి గేజ్ తప్పు చూపిస్తుంది, హెడ్ మాత్రం లోపల కాలిపోతుంటుంది. డిష్‌వాషర్ పొడి నురగ రాదని కొందరు వాడతారు, జిడ్డు కూడా బాగానే వదిలిస్తుంది. కానీ దానికి క్షారగుణం ఎక్కువ, అల్యూమినియాన్ని కొరికేస్తుంది. అసలే తుప్పుతో చిల్లుపడిన సిస్టమ్‌లో అది పోయడం నాకు నచ్చదు. డీజిలో కిరోసినో పోసి కడిగేవాళ్లకైతే దండం పెట్టాలి. అది జిడ్డుని కరిగిస్తుంది నిజమే, రబ్బర్ని కూడా ఉబ్బిస్తుంది, అగ్నిప్రమాదం సంగతి వేరే చెప్పాలా. అల్యూమినియం ఇంజిన్లకి పనికొస్తుందని లేబుల్ మీద రాసి ఉన్న, జిడ్డు తీయడానికే తయారుచేసిన కూలింగ్ సిస్టమ్ క్లీనర్ వాడాను.

హీటర్ పూర్తి వేడి మీద పెట్టి ఇంజిన్ నడిపాను. థర్మోస్టాట్ లేదు కాబట్టి ఇంజిన్ త్వరగా వేడెక్కదు. రేడియేటర్ ముందు అట్టముక్క అడ్డంపెడితే 85 డిగ్రీల దాకా వచ్చింది. చల్లటి నీళ్లలో క్లీనర్ దాదాపు ఏమీ చేయదు, అందుకే ఆ వేడి కావాలి. తర్వాత ఇంజిన్ ఆపి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక లోపలి నీటిని బయటికి వదలాలి. కాలుతున్న బ్లాక్‌లో చల్లనీళ్లు పోస్తే హెడ్‌కి పగులు వచ్చే ప్రమాదం ఉంది, ప్రెషర్‌లో ఉన్న మూత తీస్తే ముఖం కాలుతుంది.

ఇక్కడ ఒక లెక్క పనికొస్తుంది. ఈ సిస్టమ్‌కి మొత్తం 8 లీటర్లు పడుతుంది. కింది పైపు ఊడదీస్తే ఐదు లీటర్ల పైచిలుకే వస్తుంది, మిగిలింది బ్లాక్‌లోనూ హీటర్ కోర్‌లోనూ (డ్యాష్‌బోర్డ్ వెనక ఉండే చిన్న రేడియేటర్) ఉండిపోతుంది. అంటే దాదాపు మూడో వంతు. మంచినీళ్లు నింపి, తిప్పి, వదిలినకొద్దీ లోపలి క్లీనర్ మూడో వంతు, 9వ వంతు, 27వ వంతు, 81వ వంతుగా తగ్గుతూ వస్తుంది. క్లీనర్ పోయిందా లేదా అన్నదానికి ఈ లెక్క సరిపోతుంది, ఆయిల్‌కి సరిపోదు. ఆయిల్ నీళ్లలో కరగదు, గోడలకి అంటుకుంటుంది. అందుకని ఇన్నిసార్లు కడిగితే చాలని ముందే ఎవరూ చెప్పలేరు. ప్రతి విడతలో వచ్చిన నీటిని గాజు సీసాలో పట్టి, మర్నాడు చూడాలి. అప్పటికప్పుడు తేటగా కనబడ్డ నీటి మీద మర్నాటికి రంగుల పొర తేలిందంటే లోపల ఇంకా ఉన్నట్టే. అది తేలడం ఆగేదాకా క్లీనర్‌తో మళ్లీ కడిగాను.

హీటర్ కోర్‌ని విడిగా చూసుకోవాలి. దాని గొట్టాలు సన్నం కాబట్టి మడ్డి అక్కడ గట్టిగా ఇరుక్కుంటుంది. రెండు పైపులూ ఊడదీసి, నీళ్లు బయటికొచ్చే వైపు నుంచి లోపలికి వదిలాను. మొదట బొట్లుబొట్లుగా వచ్చి, ఒక్కసారిగా నల్లటి ముద్ద పడి, అప్పుడు ధార వచ్చింది. ఇక్కడ కంప్రెసర్ గాలి కొట్టకూడదు. కోర్ పగిలితే డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పాలి.

ఇలా వచ్చిన మురికి నీటిని కాలవలో వదలకూడదు. గ్లైకాల్ విషం, పైగా తియ్యగా ఉంటుంది కాబట్టి జంతువులు తాగేస్తాయి. క్యాన్లలో పట్టి పాత ఆయిల్‌తో పాటు పంపించాం.

రబ్బరు మీద పేచీ

ఓనర్‌కీ నాకూ మాట తేడా వచ్చింది పైపుల దగ్గరే. పగల్లేదు, కారట్లేదు, ఎందుకు మార్చాలని ఆయన ప్రశ్న. కూలెంట్ పైపులు ఎక్కువగా ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు. వేడినీటినీ గ్లైకాల్‌నీ ఏళ్లతరబడి తట్టుకుంటుంది, పెట్రోలియం ఆయిల్‌కి మాత్రం అసలు ఆగదు. ఆయిల్‌ని పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది. కింది పైపు కొసని కొత్త పైపు పక్కన పెట్టి చూపించాను. పాతది క్లిప్ పడిన చోట నొక్కుకుపోయి, ఆ పక్కన ఉబ్బి ఉంది. లోపలికి వేలు పెడితే జిగటగా తగిలింది. గుడ్డతో తుడిచి, రెండు వేళ్లతో పిండితే మళ్లీ జిడ్డు ఊరింది. ఈ పైపుల్ని అలాగే ఉంచితే కొత్త కూలెంట్‌లోకి ఆయిల్ వదులుతూనే ఉంటాయి. మళ్లీ పొర తేలుతుంది, కూలర్ మళ్లీ పోయిందని అందరం కంగారుపడతాం. అది పట్టుకుని చూశాక ఆయన ఇంకేం మాట్లాడలేదు.

పై పైపు, కింది పైపు, హీటర్ పైపులు, థర్మోస్టాట్ సీలుతో సహా, డబ్బా, మూత మార్చాం. మూతలోని సీలు చిన్నదే గానీ, అది ఉబ్బితే ప్రెషర్ నిలవదు. వాటర్ పంప్ బేరింగ్ చప్పుడు లేదు, కారడం లేదు, ఉంచేశాను. రేడియేటర్ విషయంలోనే తటపటాయించాను. అల్యూమినియం కోర్‌కీ ప్లాస్టిక్ ట్యాంకుకీ మధ్య ఉండే సీలు కూడా రబ్బరే, దాన్ని విడిగా మార్చే వీలు లేదు. నీళ్ల ప్రవాహం బాగానే ఉంది. వేడి మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తే ఎక్కడా చల్లటి మచ్చ లేదు. ప్రెషర్ కూడా నిలిచింది. ఇప్పటికి ఉంచుదాం, సీలు ఎప్పుడైనా వదలొచ్చు, ట్యాంకు అంచు దగ్గర తడి కనబడితే వెంటనే రండి అని చెప్పి, బిల్లు మీద కూడా రాశాను.

నింపాక

చివరి కడుగుడు డీమినరలైజ్డ్ (ఖనిజాలు తీసేసిన) నీళ్లతో చేశాను. లోపల ఎలాగూ రెండున్నర లీటర్ల పైగా నీళ్లు మిగిలి ఉంటాయి కాబట్టి, సగం సగం కలిపిన కూలెంట్ పోస్తే పలచబడిపోతుంది. అందుకని ముందు 4 లీటర్ల కాన్సన్‌ట్రేట్ పోసి, మిగిలిన జాగాని డీమినరలైజ్డ్ నీళ్లతో నింపాను. గాలి తీసి, తిప్పి, కూలెంట్ ఎంత చలికి గడ్డకడుతుందో చూపించే రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తే మైనస్ 35 డిగ్రీల దగ్గర చూపించింది, అంటే కలయిక కుదిరినట్టే. తర్వాత సిస్టమ్‌కి 1.4 బార్ ప్రెషర్ ఇచ్చి పెట్టాను, గేజ్ సూది పడలేదు.

ఇంజిన్ ఆయిల్ మొదటి 500 కిలోమీటర్లకే మళ్లీ మార్చమన్నాను. ఆ ఆయిల్‌ని కాలిన ప్లేట్ మీద వేస్తే చప్పుడు లేదు. వెయ్యి కిలోమీటర్లకి డబ్బాలో తెల్ల టిష్యూ కాగితం అంచు ముంచి చూశాం. కూలెంట్ రంగు పట్టింది, అంచున మాత్రం సన్నటి జిడ్డు గీత. ఓనర్ ముఖం మారిపోయింది. ఆయిల్ లెవెల్ వెంట్రుకవాసి కూడా తగ్గలేదు, మడ్డి లేదు. లీక్ ఉంటే ఆ రెండూ కనబడేవి. అది మూలల్లో అంటుకుని మిగిలిన పాత ఆయిల్. ఆ కూలెంట్‌ని గడువుకి చాలా ముందే వదిలేసి కొత్తది నింపాం, ఆ తర్వాత కాగితం మీద గీత పడలేదు.

తర్వాతి సర్వీసు నాటికి రేడియేటర్ ట్యాంకు అంచున తడి మొదలైంది. ఓనరే ముందు గమనించి ఫోన్ చేశారు. రేడియేటర్ మార్చాక, పాతదాని అంచు మడతలు తెరిచి లోపలి సీలు బయటికి లాగాను. ఒక పక్క బాగానే ఉంది. కింది మూల, మడ్డి ఎక్కువగా నిలిచిన చోట, గాడి పట్టనంత లావుగా ఉబ్బి ఉంది. దాన్ని చిన్న కవర్‌లో వేసి, పైపులు మార్చడానికి ఒప్పుకోని ఓనర్లకి చూపించడానికి టూల్ బాక్స్‌లో పెట్టుకున్నాను.